మాత్ర చేతిలో పెట్టడమూ ఒక చదువే

విజయవాడ ఆసుపత్రుల్లో మంచం మీద పడుకున్న పల్లెటూరి రోగికి, పక్కన కూర్చున్న అతని మనుషులకు తరచు విసుగు తెప్పించే ప్రశ్న ఒకటుంది. నర్సింగు చదువుకునే అమ్మాయి మందుల ట్రే పట్టుకుని వచ్చి, "పెద్దాయనా, మీ పేరు చెప్పండి" అంటుంది. ఉదయం చెప్పాడు. మధ్యాహ్నం చెప్పాడు. సాయంత్రం మళ్ళీ అదే ప్రశ్న. "పొద్దుట్నించీ మూడుసార్లు చెప్పా గదమ్మా, ఇంకా గుర్తులేదా?" అని పెద్దాయన కసురుకుంటాడు. "చదువుకునే పిల్లలకేం తెలుసు, పెద్ద నర్సమ్మను పిలవండి" అని పక్కనున్న కొడుకు అందుకుంటాడు.

ఆ అమ్మాయికి గుర్తులేక కాదు. అడగమని నేర్పారు గనుక అడుగుతోంది. "మీరు సుబ్బారావుగారేనా?" అని అడగడం కూడా తప్పే. చెవుడున్నవాడు, మగతలో ఉన్నవాడు, ఆసుపత్రి అంటేనే బెదిరిపోయేవాడు ఏ పేరు పిలిచినా "ఆఁ" అంటాడు. అతని పేరు అతని నోటితోనే చెప్పించాలి. ఆ పేరును కేసు షీటులో ఉన్న పేరుతో, నంబరుతో సరిచూసుకోవాలి. ఆ తర్వాతే మాత్ర.

కృష్ణా తీరంలో ఈ అవసరం ఇంకాస్త ఎక్కువ. ఒకే వార్డులో ఇద్దరు వెంకటేశ్వరరావులు, ముగ్గురు నాగేశ్వరరావులు ఉండడం వింతేమీ కాదు. ఆడవాళ్ళ వార్డులో నాగమణులు, వెంకటరమణమ్మల సంగతి చెప్పనక్కరలేదు. ఇంటిపేర్లు కూడా కలిసిపోయే సందర్భాలు కద్దు. పోనీ మంచం నంబరును నమ్ముకుందామా అంటే, ఫ్యాను గాలి బాగా తగులుతోందని రోగులు తమలో తాము మంచాలు మార్చుకుంటారు. బీపీ తగ్గించే మాత్ర బీపీ పడిపోయి ఉన్న మనిషి నోట్లో పడడానికి ఈ మాత్రం చాలు.

ఐదు సరిచూపులు

ఇంటర్ ముగించి నర్సింగులో చేరిన విద్యార్థులకు మొదట్లోనే చెప్పే పాఠం ఇది. సరైన మనిషికి, సరైన మందు, సరైన మోతాదులో, సరైన మార్గాన, సరైన వేళకు ఇవ్వాలి. ప్రపంచమంతటా నర్సులు నేర్చుకునే ఐదు అంశాలివే. తర్వాతి కాలంలో వీటికి మరికొన్ని చేరాయి. ఇచ్చిన వెంటనే షీటులో రాయడం వాటిలో ముఖ్యమైనది. ముందే రాసిపెట్టుకోకూడదు. రాసిన తర్వాత రోగి వాంతి చేసుకుంటాడు, లేదా ఎక్స్‌రే గదికి వెళ్ళిపోతాడు. షీటులో మాత్రం మందు పడినట్టే ఉంటుంది.

సీసా మీది పేరును మూడుసార్లు చదవాలన్నది మరో నియమం. అరలోంచి తీసేటప్పుడు ఒకసారి, కొలిచేటప్పుడు ఒకసారి, తిరిగి పెట్టేటప్పుడు ఒకసారి. వేరొకరు సిరంజిలో నింపి "ఇది వేసెయ్యి" అని చేతికిచ్చినా వేయకూడదు. డాక్టరు రాస్తాడు, మందుల గదిలో ఫార్మసిస్టు ఇస్తాడు. వాళ్ళిద్దరిలో ఎవరు పొరబడినా పట్టుకునేందుకు ఇంకొకరు మిగిలి ఉంటారు. నర్సు దాటితే ఇక మిగిలేది రోగి నోరే.

నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగులో మందుల శాస్త్రం ప్రత్యేక సబ్జెక్టు. 2021లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో దీన్ని రెండు సెమిస్టర్లలో పెట్టారు. రాష్ట్రంలో బీఎస్సీ నర్సింగు పరీక్షలు నిర్వహించేది విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయమే. 1986లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయానికి తర్వాత ఎన్టీఆర్ పేరు పెట్టారు. 2022లో పేరు మారినా 2024లో మళ్ళీ పాత పేరే వచ్చింది. పేర్ల సంగతి ఎలా ఉన్నా, పరీక్షలు రాసే అమ్మాయిల్లో చాలామంది మన పల్లెల నుంచి వెళ్ళినవారే. మందు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. వాటివల్ల కలిగే తీవ్రమైన హానిని ఐదేళ్ళలో సగానికి తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఒక కార్యక్రమమే చేపట్టింది.

సున్నా చేసే ప్రమాదం

మోతాదు దగ్గర జరిగే తప్పులు మామూలు లెక్కల తప్పులే. పదో తరగతి పిల్లవాడు కూడా చేయగల లెక్కలు. ఒక సున్నా ఎక్కువైతే మందు పదింతలవుతుంది. "యూనిట్లు" అని పూర్తిగా రాయకుండా ఇంగ్లీషు అక్షరం ఒక్కటే రాస్తే, తొందరలో అది సున్నాలా కనిపిస్తుంది. 10 యూనిట్ల ఇన్సులిన్ 100 అవుతుంది. అందుకే ఆ మాటను పూర్తిగా రాయాలని నేర్పుతారు.

ఇన్సులిన్ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఇది ఇంట్లో సూది వేసుకునే ప్రతి చక్కెర రోగీ తెలుసుకోవలసినది. మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లుండేది ఒకటి, 100 యూనిట్లుండేది మరొకటి. సిరంజిలూ రెండు రకాలే. 40 బలానికి ఎర్ర మూత, 100 బలానికి నారింజ రంగు మూత. 100 బలం మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. అదే 40 బలం మందును నారింజ మూత సిరంజితో 20 దాకా లాగితే వెళ్ళేది 8 యూనిట్లే. మొదటి పొరపాటులో చక్కెర ఒక్కసారిగా పడిపోయి, చెమటలు పట్టి, వణుకు వచ్చి మనిషి స్పృహ తప్పుతాడు. రెండోదానిలో చక్కెర దిగదు, "ఈ మందు పనిచేయడం లేదు" అని కంపెనీ మారుస్తారు. బజారులో ఏ సిరంజి దొరికితే అది కొనుక్కొచ్చే ఇళ్ళు అనేకం. ఈసారి సీసా మీది అంకెను, మూత రంగును పక్కపక్కన పెట్టి చూసుకోవడం మంచిది.

పసిపిల్లల జ్వరం మందులోనూ ఇదే చిక్కు. పారాసిటమాల్ చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 గాని, 250 గాని ఉంటాయి. పది కిలోల బిడ్డకు ఒక్కసారికి ఇవ్వదగినది 100 నుంచి 150 మిల్లీగ్రాములు. చుక్కల సీసాను సిరప్ అనుకుని మూతతో 5 మిల్లీలీటర్లు పోస్తే 500 మిల్లీగ్రాములు పడతాయి. ఒక్కసారితో ఊరుకోక జ్వరం తగ్గలేదని రెండు మూడు రోజులు అలాగే పోస్తే బిడ్డ కాలేయం దెబ్బతింటుంది. తల్లి చేసిన తప్పేమీ లేదు, సీసాలు రెండూ ఒకేలా ఉంటాయి, పేరూ ఒకటే.

పిల్లలకు తక్కువ, పెద్దలకు ఎక్కువ అన్న లెక్క అన్ని మందులకూ వర్తిస్తుందనుకుంటే అదీ పొరపాటే. దివిసీమ పొలాల్లో పాముకాట్లు ఎక్కువ గనుక ఈ సంగతి ఇక్కడివారికి పనికొస్తుంది. పాము విషానికి విరుగుడు మందు మూడేళ్ళ పిల్లకూ, ఆరడుగుల మనిషికీ ఒకే మోతాదు. సాధారణంగా పది సీసాల దాకా మొదటి విడతలోనే ఎక్కిస్తారు. మందు విరగ్గొట్టవలసింది పాము దింపిన విషాన్ని. పిల్లను కరిచినా పాము విషం తగ్గించి దింపదు కదా. మందు కలిపే సెలైన్ నీరు మాత్రం పిల్లలకు తక్కువగా వాడతారు. "పసిదానికి అన్ని సీసాలు ఎక్కిస్తారా" అని ఆసుపత్రిలో గొడవపడే బంధువులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గుర్రాల రక్తం నుంచి తయారైన మందు కాబట్టి కొందరికి పడకపోవచ్చు. అందుకే పక్కన అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకునే మొదలుపెట్టాలని విద్యార్థులకు నేర్పుతారు.

సూదిమందు మీద మోజు

మన ఊళ్ళలో సూది వేయని డాక్టరు డాక్టరే కాదన్న నమ్మకం ఇంకా పోలేదు. మాత్రతో తగ్గే జ్వరానికి సూది వేయమని అడిగి మరీ వేయించుకుంటారు. పిర్ర మీద సూదికి పైభాగంలో, బయటి వైపు పావు వంతే సరైన చోటు. కిందికో, లోపలికో జరిగితే తొడ వెనుక నుంచి కాలిలోకి దిగే పెద్ద నరం దెబ్బతిని పాదం వాలిపోతుంది. ఆ తర్వాత మనిషి కాలీడ్చుకుంటూ నడవవలసిందే. నర్సింగు విద్యార్థులు ముందు బొమ్మ మీద, తర్వాత టీచరు పక్కన నిలబడి చూస్తుండగా ఈ చోటు గుర్తుపట్టడం నేర్చుకుంటారు. పది రోజులు ఎవరి వెనుకో తిరిగి సూది పట్టినవారికి ఈ చదువు ఎవరు చెబుతారు?

అదే మందు మార్గం మారితే విషం కావచ్చు, వట్టి పిండీ కావచ్చు. పొటాషియం క్లోరైడ్ చిన్న గాజు సీసాలో నీళ్ళలా ఉంటుంది. సెలైన్‌లో కలిపి గంటల తరబడి మెల్లగా ఎక్కిస్తే ప్రాణం నిలుపుతుంది. నేరుగా నరంలోకి సిరంజితో తోస్తే గుండె ఆగిపోతుంది. అందుకే అనేక ఆసుపత్రుల్లో దీన్ని మామూలు మందుల మధ్య ఉంచకుండా వేరుగా పెడతారు. ఇక గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకోమని ఇచ్చే సార్బిట్రేట్ మాత్ర ఉంది. దాన్ని నీళ్ళతో మింగేస్తే పేగుల నుంచి ముందు కాలేయానికే చేరుతుంది. అక్కడే చాలా భాగం విరిగిపోతుంది. నాలుక కింద కరిగితే కాలేయం దాకా పోకుండానే నిమిషాల్లో రక్తంలో కలిసి గుండెకు అందుతుంది.

సెలైన్ చక్రం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలంటే, మిల్లీలీటరుకు ఇరవై చుక్కల గొట్టంలో నిమిషానికి దాదాపు 42 చుక్కలు పడాలి. నర్సు గడియారం చూసి లెక్కపెట్టి చక్రం సరిచేసి వెళుతుంది. ఆమె అటు తిరగగానే, చివరి బస్సు దాటిపోతుందని రోగి బావమరిది చక్రం పైకి తిప్పుతాడు. గుండె బలహీనంగా ఉన్న ముసలివారికి ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం ముంచుకొస్తుంది. తర్వాత నింద ఎవరి మీద పడుతుందో చెప్పనక్కరలేదు.

వంతు నీళ్ళ లెక్క

వేళ తప్పకూడదని ఎందుకంటారో డెల్టా రైతుకు తేలిగ్గా అర్థమయ్యే విషయం. కాలువ నీళ్ళు వంతుల ప్రకారం వదిలితే చేను పండుతుంది. మూడు వంతుల నీళ్ళు ఒకేసారి వదిలితే గట్టు తెగుతుంది. మాత్ర ఒంట్లో చేరాక కాలేయం దాన్ని కొంచెం కొంచెంగా విరగ్గొడుతుంది, మూత్రపిండాలు బయటికి పంపుతాయి. కొన్ని గంటలకు రక్తంలో మందు సగానికి తగ్గుతుంది, మరి కొన్ని గంటలకు ఆ సగంలో సగం. మందు బాగా తగ్గే వేళకు ఇంకొక మాత్ర పడాలి. పొలం పనిలో పడి పగటి మాత్ర మరిచిపోయి రాత్రికి రెండూ కలిపి మింగేవారికి ఈ లెక్క తెలియదు.

కాలేయం, మూత్రపిండాలు చెడినవారికి లెక్క మొత్తం మారిపోతుంది. ఎన్టీఆర్ జిల్లా ఏ.కొండూరు మండలం తండాల్లో మూత్రపిండాల జబ్బు ఎందరిని కుదిపివేసిందో అందరికీ తెలిసినదే. అటువంటి రోగి ఒళ్ళునొప్పులకు దుకాణంలో డైక్లోఫెనాక్ అడిగి మింగితే ఉన్న కాస్త పనితీరు కూడా పోతుంది. నర్సు మందు ఇచ్చే ముందు "ఒంటికి పడని మందులేమైనా ఉన్నాయా, వేరే మాత్రలు వాడుతున్నారా, మూత్రం సరిగా వస్తోందా" అని అడగడం ఇందుకే. జలుబు మాత్రల్లో కూడా తరచు పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జ్వరం మాత్రతోపాటు అదీ వేసుకుంటే రోజుకు 4 గ్రాముల హద్దు తెలియకుండానే దాటిపోవచ్చు.

రెండు పసుపు మాత్రలు

ఐదు సరిచూపులూ ఒకేచోట పరీక్షకు నిలిచే సందర్భం ఒకటుంది. అందులోని మందులు మన పక్క డెల్టాలో పుట్టిన మనిషి చేతిమీదుగా లోకానికి అందినవి కావడం విశేషం. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. సోదరులిద్దరు గ్రహణి జబ్బుతో కన్నుమూశారు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, హార్వర్డులోనూ ఆ తర్వాత లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలోనూ పనిచేశారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. దానికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేసే మందులనూ ఆ బృందమే రూపొందించింది. రక్త క్యాన్సర్ పిల్లలపై వాటిలో ఒకదాని ఫలితం 1948లో వెల్లడైంది. ఆ కోవలోదే మెథోట్రెక్సేట్. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు న్యూయార్కులో మరణించారు. శతజయంతి సంవత్సరమైన 1995లో ఆయన పేర తపాలా బిళ్ళ వెలువడింది.

క్యాన్సర్‌కు వచ్చిన మెథోట్రెక్సేట్‌ను చిన్న మోతాదులో రుమటాయిడ్ కీళ్ళవాతానికి కూడా వాడతారు. పొద్దున్నే లేవలేక, వేళ్ళు ముడుచుకుపోయి బాధపడే ఆడవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. వారికి దీన్ని వారానికి ఒక్కరోజే రాస్తారు. దానివల్ల కలిగే ఇబ్బంది తగ్గించడానికి మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ రాస్తారు. చిక్కల్లా ఇక్కడే. రెండూ చిన్న మాత్రలు, తరచు రెండూ పసుపు రంగే. సంచిలో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. వారానికొకటి వేసుకోవలసినది రోజూ వేసుకుని, రోజూ వేసుకోదగినది వారానికొకసారి వేసుకున్నవారి ఉదంతాలు వైద్య పత్రికల్లో అనేక దేశాల నుంచి వచ్చాయి. వారం తిరిగేలోగా నోరు పూసి, అన్నం మింగుడుపడక, జ్వరం వస్తుంది. ఎముకల మూలుగలో రక్తకణాలు తయారుకావడం ఆగిపోతుంది. ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. సకాలంలో వస్తే ఇచ్చే విరుగుడు కూడా ఫోలిక్ యాసిడ్ జాతి మందే.

కనుక ఆ రోగిని ఇంటికి పంపే ముందు నర్సు అట్ట మీద "బుధవారం" అని తెలుగులో రాయాలి. వారానికి ఎన్ని మాత్రలో, ఏ రోజో రోగి చేతనే తిరిగి చెప్పించాలి. చదువురాని మామ్మగారైతే కోడలిని పిలిచి చెప్పించాలి. "తెలుసులేమ్మా" అంటే వదిలిపెట్టకూడదు. ఇక్కడ కూడా రోగులు విసుక్కుంటారు.

అరుగు మీద కాపలా

సుబ్బారావు బృందం నుంచి వచ్చిన మరో మందు మన తీరప్రాంతంలో దాదాపు ప్రతి ఇంటికీ తెలిసినది. అదే బోదకాలుకు ఇచ్చే డీఈసీ మాత్ర. ఆ పరిశోధన 1947లో వెలువడింది. బోదకాలు పురుగును మోసే దోమ మురుగునీటిలో పెరుగుతుంది. డెల్టాలో మురుగుకు కొదవ లేదు. దేశంలో ఈ వ్యాధి ఉన్న జిల్లాల్లో 2004 నుంచి ఏడాదికొకసారి అందరిచేత ఈ మాత్రలు మింగించే కార్యక్రమం చేపట్టారు. తర్వాత ఆల్బెండజోల్ కూడా జతచేశారు. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో మూడో మందు ఐవర్‌మెక్టిన్ కలిపారు.

డీఈసీ 100 మిల్లీగ్రాముల మాత్రలు రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకు ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వారికి రెండు, ఆపై వారికి మూడు. రెండేళ్ళలోపు బిడ్డలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఇవ్వరు. ఖాళీ కడుపుతో మింగకూడదు. కొందరికి ఆ రాత్రి జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి. ఒంట్లో ఉన్న సూక్ష్మ పురుగులు చస్తుండడం వల్ల కలిగే బాధ అది. ఈ మాట ముందుగా చెప్పకుండా మాత్రలు పంచితే, మర్నాటికి "మాత్రలు మింగి ఊరంతా జబ్బుపడింది" అనే పుకారు పుడుతుంది. మరుసటి ఏడు ఎవరూ నోరు తెరవరు. జ్వరం ఎక్కువగా ఉంటే మాత్రం ఆరోగ్య సిబ్బందికి చెప్పాలి.

మాత్రలు ఇంటింటికీ తెచ్చే సిబ్బందికి, వారి వెంట వచ్చే విద్యార్థులకు ఉన్న నియమం ఒక్కటే. చేతికిచ్చి వెళ్ళిపోకూడదు, కళ్ళెదుట మింగించాలి. మాత్రలు బియ్యం డబ్బా వెనుకకో, గూట్లోకో, పెరట్లోకో పోయే దారులు వారికి బాగా తెలుసు. వయసు అడుగుతారు, ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉన్నారేమో అడుగుతారు, అన్నం తిన్నారేమో అడుగుతారు.

"ఇంకా తినలేదమ్మా, ఆ మాత్రలు ఇలా ఇచ్చి వెళ్ళండి, తర్వాత వేసుకుంటాలే" అంటూ తాతగారు చెయ్యి చాపి, మరో చేత్తో కండువా కొంగు విప్పుతాడు.

"తినే రండి తాతగారూ, మాకేం తొందర లేదు" అని ఆ పిల్ల రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, మంచినీళ్ళ గ్లాసు పక్కన ఉంచుకుని అరుగు మీద కూర్చుంటుంది.